ఉత్తరుని చేతి పగ్గములు

2017 జూన్ 24వ తేదీన, ఇంగ్లండులోని డెర్బీ మైదానమున, మహిళల ప్రపంచకప్ పోటీల తొలి దినమున, కాళ్ళకు ప్యాడ్లు కట్టుకొని తన వంతు కొరకు ఎదురుచూచుచున్న భారత జట్టు నాయకురాలు మిథాలీ రాజ్ చేతిలో ఒక పుస్తకముండెను. ఎదుట స్మృతి మంధాన, పూనమ్ రౌత్ మొదటి వికెట్టునకు 144 పరుగులు చేర్చుచుండగా, ఏ క్షణమున పిలుపు వచ్చునో తెలియని ఆ దీర్ఘ నిరీక్షణలో, హైదరాబాదున పెరిగి ఆట నేర్చిన ఆమె పారసీక కవి రూమీ కవితల అనువాదమును తాపీగా చదువుకొనుచుండుట కెమెరాల కంటబడి, దేశమంతయు ఆశ్చర్యముతో చెప్పుకొనెను. ఎలక్ట్రానిక్ పరికరములను అచటికి తీసికొనిపోరాదను నిబంధన ఉండుటచే, ఆ పుస్తకమును ఆమె ఫీల్డింగ్ కోచ్ వద్ద ఎరువు తెచ్చుకొనెనట. పిదప బరిలో దిగి 71 పరుగులు చేసెను. వన్డే పోటీలలో ఆమెకు అది వరుసగా ఏడవ అర్ధశతకము. భారతము ఇంగ్లండును 35 పరుగుల తేడాతో ఓడించెను.

కథ అచట ముగియలేదు. సరిగా 29 దినముల పిమ్మట, జూలై 23న, లార్డ్స్ మైదానమున, అదే ఇంగ్లండు జట్టు ఎదుట, తుదిపోరులో 229 పరుగుల లక్ష్యమును వెంబడించుచు, మూడు వికెట్లు మాత్రమే కోల్పోయి 191 పరుగులకు చేరి, గెలుపు గుమ్మములోనికి వచ్చినదని మనమందరము ఊపిరి బిగబట్టి చూచుచున్న వేళ, మన జట్టు మిగిలిన ఏడు వికెట్లను 28 పరుగులలో పోగొట్టుకొని, తొమ్మిది పరుగుల తేడాతో ఓడిపోయెను. ఆన్యా ష్రబ్‌సోల్ ఆ దినమున 46 పరుగులకు 6 వికెట్లు తీసెను. ఆమె బౌలింగు ఘనతను తగ్గించుట నా ఉద్దేశము కాదు. కాని వికెట్టు పడిన ప్రతిమారును, లోనికి నడచివచ్చు క్రీడాకారిణి ముఖమున వెనుకటి వికెట్టు నీడ కనబడుచునే ఉండెను. ఒకరి ప్రశాంతి ఒకరికే చాలినది, పదునొకండుగురకు చాలలేదు.

ఈ రెండు దినములను పక్కపక్కన పెట్టి చూచినప్పుడెల్ల నాకు ఒక సందేహము కలుగుచుండును. ఒంటరిగా ఆడువాని మనస్సు సంగతి వేరు. దానిని వాడు తన యోగముతోనో, జపముతోనో, పుస్తకముతోనో కుదుర్చుకొనగలడు. జట్టునకు మనస్సనునది కలదా? కలదేని, పోటీకి ముందు దానిని సిద్ధము చేయుట ఎట్లు? మన పత్రికలును, మన చలనచిత్రములును ఈ ప్రశ్నకు ఒక్కటే సమాధానమును మనకు అలవాటు చేసినవి: ఆటకు ముందు నాయకుడో, శిక్షకుడో లేచి నిలిచి, గొంతు చించుకొని, దేశము పేరనో ఊరి పేరనో రోమాంచకమైన ఉపన్యాసమొకటి చేయుట. ఆ ఉపన్యాసము వలన మేలు కలుగుట బహు స్వల్పమనియు, పసివయస్సు ఆటగాండ్ర విషయమున కీడే ఎక్కువయనియు నా దృఢమైన అభిప్రాయము. భయమును తరిమివేయుట ఎవరి తరమును కాదు. భయము వచ్చిన క్షణమున చేయదగిన పనిని ముందే చేతికి అందించియుంచుటయే సన్నాహము.

ఈ మాట మనకు క్రొత్తది కాదు. తిక్కన సోమయాజి విరాటపర్వము చదివిన ప్రతి తెలుగువానికిని ఉత్తర కుమారుడు తెలియును. అంతఃపురమున, స్త్రీల నడుమ, సారథి యొక్కడు దొరకినచో కౌరవసేనను ఒక్కడనే జయించి గోవులను మరలించుకొని వత్తునని అతడు పలికిన పలుకులు నేటికిని మన నోట సామెతగా నిలిచియున్నవి. తీరా బృహన్నల రథము తోలి, సముద్రమువంటి ఆ సేనను కన్నుల ఎదుట నిలిపినంతనే, అతడు రథము దుమికి పరుగెత్తెను. మనము ప్రగల్భములనే గుర్తుంచుకొంటిమి గాని, ఆ తరువాత బృహన్నల వేషమున ఉన్న అర్జునుడు చేసిన పనిని గమనింపలేదు. వెంటబడి పట్టుకొన్న పిదప, క్షత్రియధర్మమును గూర్చి అతడు సుదీర్ఘోపదేశము చేయలేదు. నీవు పోరనక్కరలేదు, రథము తోలుము, పోరాటము నాకు విడువుమనెను. ముందుగా జమ్మిచెట్టెక్కి ఆయుధముల మూటను దింపుమనెను. తానెవరో, తన పది నామములెవ్వియో చెప్పుట ఆ పిమ్మటి సంగతి. చెట్టెక్కుట, మూట దింపుట, పగ్గములు పట్టుట: ఇవి వణకు చేతులతోనైనను చేయదగిన పనులు. ఉత్తరుని గుండెలో దడ ఆ క్షణముననే ఆగినదని నేననుకొనను. దడ ఉండగనే చేతులకు పని దొరకినది.

నేను కళాశాలలో వాలీబాల్ ఆడితిని. అంతర్ కళాశాలల పోటీల తుదిపోరుకు ముందు రాత్రి, మా జట్టును తర్ఫీదు చేయుచున్న పెద్దమనిషి మమ్ము వరుసగా నిలువబెట్టి, కళాశాల గౌరవమంతయు మా భుజములపైననే ఉన్నదనియు, ఓడివచ్చినచో ముఖము చూపనక్కరలేదనియు గంటసేపు చెప్పెను. ఆయన సదుద్దేశమును నేడును నేను శంకింపను. కాని ఆ రాత్రి మాలో ఎవ్వరును సరిగా నిద్రపోలేదు. మరునాడు సర్వీసు గీత వద్ద నిలిచినప్పుడు నా చేతులు నావి కావనిపించెను. తొలి బంతి నెట్‌కు తగిలి జారిపోయెను, రెండవదియు అంతే. అప్పుడు మా సీనియర్ ఒకడు దగ్గరకు వచ్చి, "ఒరేయ్, సర్వీసు వేసే ముందు బంతిని మూడు మాట్లు నేలకు కొట్టు. ఒకటి, రెండు, మూడు. ఆ లెక్క తప్ప ఇంకేమీ చూడకు" అని చెప్పి తన స్థానమునకు పోయెను. మేమా దినమున ఓడిపోయితిమి. అయినను ఆ తరువాత నా సర్వీసు నెట్‌కు తగులలేదు. గంటసేపటి ఉపన్యాసములో ఒక్క ముక్కయు నాకిప్పుడు జ్ఞప్తికి రాదు. ఆ మూడు దెబ్బల లెక్క మాత్రము ఏ కష్టమైన పనికి పూనుకొన్నను నేటికిని నా వ్రేళ్ళు వేయుచునే ఉండును.

శరీరధర్మమును ఎఱిగినవారు దీనికి కారణము చెప్పుదురు. ఆపద సూచన కలిగినంతనే గుండె వేగము హెచ్చును, అరచేతులు చెమర్చును, నోరెండును, కడుపులో త్రిప్పినట్లగును. శరీరము తనను తాను కాపాడుకొనుటకై చేయు ఏర్పాటిది. ఇది బొత్తిగా లేకున్నను ఆట చప్పబడును, మితిమీరినను చెడును. 1908లో అమెరికాలో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అను శాస్త్రజ్ఞులు, కష్టమైన పనిని నేర్చుకొనుటకు మధ్యమమైన ప్రేరణయే మేలని ప్రయోగపూర్వకముగా చూపిరి. వారు ప్రయోగము చేసినది ఎలుకల మీద. మానవులకు, అందునను ఆటగాండ్రకు దానిని అన్వయించినది తరువాతివారు. కనుక దానిని వేదవాక్యముగా గైకొనరాదు. అయినను క్రీడాంగణమున నిలిచిన ప్రతివాడును దాని సత్యమును తన ఒడలితో ఎఱుగును. ఇంకొక సంగతి నాకు మరింత ఉపయుక్తముగా తోచినది. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రకటించిన ప్రయోగములలో, ప్రసంగమునకో గణిత పరీక్షకో ముందు తమను తాము శాంతింపజేసికొన జూచినవారికంటె, ఆ దడకే ఉత్సాహమని పేరు పెట్టుకొన్నవారు మెరుగుగా రాణించిరి. గుండె కొట్టుకొనుట రెంటికిని ఒక్కటే. భయపడవద్దని పిల్లవానికి చెప్పు పెద్దలు, సాధ్యము కానిదానిని అడుగుచున్నారు. దడ ఆటకు సిద్ధమైన దేహపు చిహ్నమని చెప్పినచో వాడు నమ్మును, ఏలయన అది నిజము.

అలవడిన నైపుణ్యమునకు మరియొక శత్రువు కలదు. ఏండ్ల తరబడి చేసి చేసి చేతికి వచ్చిన పనిని, ఒత్తిడి వేళ, మనస్సు మరల అడుగడుగునను పర్యవేక్షింపబోవును. మెట్లు దిగువాడు ఏ కాలు ముందు వేయవలెనని ఆలోచించినచో తడబడినట్లే, ఆటగాడును తన చేతిని తానే నమ్మక చెడును. అందుచేతనే సన్నాహమెఱిగిన జట్లు మనస్సునకు చిన్నపాటి పని యొకటి ఒప్పగించి ఉంచును.

ఈ విద్యను జట్టు మొత్తమునకు అలవరచిన కథలలో న్యూజీలాండు రగ్బీ జట్టు కథ నా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్నది. 2007 ప్రపంచకప్పులో గెలుపు తమదేయని లోకమంతయు భావించుచుండగా, కార్డిఫ్‌లో ఫ్రాన్సుతో జరిగిన క్వార్టర్ ఫైనల్లో, విరామ సమయమునకు 13–3 ఆధిక్యమున ఉండియు, వారు 20–18తో ఓడిపోయిరి. చివరి నిమిషములలో ఒక్క డ్రాప్ గోల్‌తో గెలువదగిన అవకాశమున్నను, దానికి తగిన స్థానమును కుదుర్చుకొనక, మరల మరల ముందుకు తోసికొనిపోవుటకే ప్రయత్నించిరి. బలము తగ్గి కాదు, నైపుణ్యము లేక కాదు. ఒత్తిడి వేళ ఆలోచన మూసికొనిపోయినది. ఆ పరాభవము తరువాత, చిరకాలము జట్టుతో ఉన్న మానసిక శిక్షకుడు గిల్బర్ట్ ఎనోకాతో పాటు, పూర్వము ఫుట్‌బాల్ ఆటగాడై పిదప మనోవైద్యుడైన కెరీ ఎవాన్స్ సాయమును వారు తీసికొనిరి. ఆవేశముతో మండు శిరస్సునకు ఎఱుపనియు, స్పష్టముగా చూచు శిరస్సునకు నీలమనియు వారు పేర్లు పెట్టుకొనిరి. ఎఱుపులో పడిన క్షణమును గుర్తించి నీలములోనికి మరలుటకు ఎవరి గుర్తు వారు ఎన్నుకొనిరి: నాయకుడు రిచీ మెకా నెమ్మదిగా ఊపిరి విడిచి తన మణికట్టును పట్టుకొనెడివాడు, కీరన్ రీడ్ మైదానము నలుదెసల చూపు సారించెడివాడు, బ్రాడ్ థార్న్ నెత్తిన నీళ్ళు క్రుమ్మరించుకొనెడివాడు.

ఆటకు ముందు వారు చేయు హాకా నృత్యమును చూచి, అదియే వారి సన్నాహమని పలువురు భ్రమపడుదురు. హాకా మావోరీ జాతి సంప్రదాయమునకు నివాళి, దాని గౌరవము దానికి కలదు. కాని 2007లోను వారు హాకా చేసియే ఓడిరి. 2011 అక్టోబరు 23న, ఆక్లండు నగరపు ఈడెన్ పార్కున, మరల ఫ్రాన్సుతోనే జరిగిన తుదిపోరులో వారిని కాపాడినది ఎవరికిని కనబడని ఆ చిన్న అలవాట్లే. ఆటను నడుపు ఫ్లైహాఫ్ స్థానమున డాన్ కార్టర్, కాలిన్ స్లేడ్ అంతకు ముందే గాయపడిరి. ఆరన్ క్రూడెన్ తుదిపోరు మధ్యలోనే కుంటుచు వెళ్ళిపోయెను. నాలుగవవాడైన స్టీఫెన్ డొనాల్డ్, కొన్ని దినములకు ముందు వైకాటో నదిలో చేపలు పట్టుకొనుచుండగా పిలుపందుకొని వచ్చినవాడు, పెనాల్టీ తన్ని 8–0 చేసెను. వెంటనే ఫ్రాన్సు ఏడు పాయింట్లు సాధించినది. అచటినుండి అరగంటకు పైగా, ఒకే ఒక్క పాయింటు ఆధిక్యమును, నలువది లక్షలు దాటిన జనము గల ఆ చిన్న దేశపు ఆశల బరువుతో పాటు మోయుచు, 8–7తో వారు గెలిచిరి. నాలుగేండ్లకు ముందు ఇట్టి అరగంటనే వారు తాళలేకపోయియుండిరి.

ఇంతదూరము పోనక్కరలేదు. మనస్తత్వ శిక్షకుడను మాట మన దేశమున ఎవరును ఎఱుగని కాలమున, హైదరాబాదులో ఒక బడిపంతులు ఈ పనిని చేసి చూపెను. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఆటగాండ్రందరును రహీం సాబ్ అని పిలుచుకొన్న ఆ మహనీయుడు, హైదరాబాదు సిటీ పోలీసు జట్టును 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదు మార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత ఫుట్‌బాల్ జట్టును నాలుగవ స్థానమునకు చేర్చెను. ఆటగాండ్రు బలహీనమైన కాలితోనే ఆడవలెనని నియమము పెట్టి ఆయన పోటీలు నడిపెనని చెప్పుదురు. నాకు ఇది కేవలము పాదముల శిక్షణగా కనబడదు. చేతకానిదానిని స్నేహితుల ఎదుట, సిగ్గుపడకుండ, మరల మరల చేయుటకు అలవాటుపడినవానికి, అనుకొననిది ఎదురైన నాడు కాలు తడబడదు.

అనుకొననిది 1962లో జకార్తాలో ఎదురయ్యెను. ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాను దేశముల క్రీడాకారులను ఇండోనేషియా రానీయకపోగా, భారతీయుడైన క్రీడాధికారి జి.డి. సోంధీ దానిని ఆక్షేపించెను. ఆ మాటకు ఆగ్రహించిన స్థానికులు మన ఆటగాండ్రను ఎక్కడ కనబడిన అక్కడ ఎగతాళి చేసిరి. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో తుదిపోరు జరిగిననాడు సుమారు లక్షమంది నిండిన ఆ మైదానము మనవారు బంతిని తాకినప్పుడెల్ల గర్జించెను. ఆ కొరియాయే మొదటి మ్యాచ్‌లో మనలను 2–0తో ఓడించియుండెను. రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నయిల్ సింగ్ తల పగిలి కుట్లు పడియుండెను. అట్టివానిని రహీం ఇంటికి పంపలేదు, వెనుక నిలుపలేదు. ముందు వరుసలో ఆడించెను. సెమీఫైనల్లోను, తుదిపోరులోను జర్నయిల్ గోలు చేసెను. తుదిపోరులో మరియొక గోలు పి.కె. బెనర్జీది, 2–1తో స్వర్ణము మనదయ్యెను. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు స్వర్ణము రాలేదు. అప్పటికే క్యాన్సర్ వాతబడిన రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూసెను. గాయపడినవానికి ఓదార్పు చెప్పుటకు బదులు చేయదగిన పని చూపిన ఆ నిర్ణయమును తలచుకొన్నప్పుడెల్ల నాకు జమ్మిచెట్టు గుర్తుకు వచ్చును.

జట్టు మనస్సునకు మరియొక పార్శ్వము కలదు. దానిని ఇటీవలనే మన బాలికలు నాకు నేర్పిరి. 2025 మహిళల ప్రపంచకప్పులో మన జట్టు దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు చేతులలో వరుసగా మూడు మ్యాచులు ఓడి, ఎట్టకేలకు సెమీఫైనలు చేరెను. అక్టోబరు 30న నవీ ముంబయిలో ఆస్ట్రేలియా 338 పరుగులు చేయగా, జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులతో అజేయురాలై నిలిచి, మహిళల వన్డే చరిత్రలోనే అతిపెద్ద లక్ష్యఛేదనను సాధించిపెట్టెను. మూడవ స్థానమున ఆడవలెనని ఆమెకు తెలిసినది బరిలో దిగుటకు ఐదు నిమిషముల ముందే. ఆట ముగిసిన పిదప ఆమె కన్నీటితో చెప్పిన సంగతి శతకము కంటె విలువైనది: పోటీల ఆరంభమునుండియు తాను తీవ్రమైన ఆందోళనతో బాధపడితిననియు, తల్లికి ఫోను చేసి ఏడ్చితిననియు, దాదాపు ప్రతిదినమును అరుంధతీ రెడ్డి ఎదుట కన్నీరు పెట్టుకొంటిననియు, స్మృతి మంధాన సాధన వేళ ఏమియు మాటలాడక ఊరక వచ్చి తన ప్రక్కన నిలుచుండెడిదనియు ఆమె చెప్పెను.

ఆ అరుంధతి మన హైదరాబాదు అమ్మాయి. ఆ ప్రపంచకప్పులో ఆమె ఒక్క మ్యాచ్ కూడ ఆడలేదు. జట్టు పదునైదుగురిలో అట్లు మిగిలినది ఆమె ఒక్కతెయే. తనకు దక్కని అవకాశమును గూర్చి ఎంత బాధ ఉండునో ఆటాడినవారు ఎఱుగుదురు. ఆ బాధను ప్రక్కన పెట్టి, ఆడువారి కన్నీరు వినుట ఎంత పెద్ద పనియో స్కోరు పట్టిక చెప్పదు. నవంబరు 2న భారతము దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పును తొలిసారి గెలిచినప్పుడు, కడప జిల్లా పల్లెనుండి వచ్చిన శ్రీ చరణిని మనమందరము గర్వముతో చెప్పుకొంటిమి, తగును. అరుంధతి పేరును కూడ అంతే గర్వముతో చెప్పుకొనవలసి ఉండెను.

కనుక మన పాఠశాలలును, క్రీడా వసతిగృహములును నడుపువారికి నా విన్నపమొకటి. ఆటగాని భయమును వినువాడు, జట్టును ఎంపిక చేయువాడు ఒక్కడే కారాదు. తనను రేపు పక్కన పెట్టగల వ్యక్తి ఎదుట ఏ పదునాలుగేండ్ల బాలికయు తనకు నిద్ర పట్టుటలేదని చెప్పదు, చెప్పుమనుట అన్యాయము. నిపుణుని నియమించుటకు ధనము లేనిచోట, ఎంపికతో సంబంధము లేని ఉపాధ్యాయురాలొకరు, లేదా ఆట మానిన పెద్ద విద్యార్థి యొక్కడు చాలును. వారికి కొంత శిక్షణనిచ్చినచో సరిపోవును. సాధన వేళలలో వారమున కొకనాడైనను కష్టమును తెచ్చి పెట్టవలెను: ఒక ఆటగాడు తక్కువగా ఆడించుట, ఓడుచున్న స్కోరునుండి ఆట మొదలిడుట, చుట్టును కేకలు వేయించుట. పోటీకి ముందు రాత్రి మాత్రము ఎవరును ఏమియు క్రొత్తగా చెప్పరాదు. తలిదండ్రులు గౌరవము, త్యాగము, ఖర్చు అను మూడు మాటలను ఆ రాత్రికి ఇంట వినిపింపకుండుట మేలు. ఏడ్చిన బాలుని ఆడపిల్లవలె ఏడువకుమని తిట్టు శిక్షకుడు, జెమీమా అన్ని దినములు ఏడ్చియు ఏమి సాధించెనో చూచినవాడైనచో, ఆ మాటను మరల నోట రానీయడు.

గడచిన సంక్రాంతికి మా ఊరి కుఱ్ఱలు కబడ్డీ పోటీలకు పోవుచు, పెద్దవాడనని నన్ను నాలుగు మాటలు చెప్పుమనిరి. నేనేమియు చెప్పక వారినే ఒక్కటి అడిగితిని: మీరు అనుకొన్నట్లు జరుగనప్పుడు ఏమి చేయుదురో ఒక్కొక్కరు చెప్పుడు. ఒకడు ఊపిరి తీసికొందుననెను. ఒకడు ప్రక్కవాని చేయి పట్టుకొందుననెను. అందరిలో చిన్నవాడు, పదునైదేండ్లు నిండనివాడు, కొంతసేపు నేల చూచి, "నేను అవుటై బయట కూర్చుంటే, వాళ్ళలో ఎవడు ముందు ఎడమ కాలు కదుపుతున్నాడో చూసి మావాళ్ళకి చెప్తానండీ" అనెను. రెండవ కూతలోనే వాడు పట్టుబడెను. గీత వెలుపల గొంతుకూర్చుండి, గడ్డము మోకాళ్ళపై ఆనించి, ఎదుటి జట్టువారి పాదములనే చూచుచుండెను.